ఆపరేషన్ కాగితం

బొమ్మనహళ్లి, బెంగళూరు
11 ఫిబ్రవరి 2024

అమ్మకు,

కృప రాసేది. మేమిద్దరం బాగుండాము. నువ్వూ నాయనా బాగుండారని తలుస్తా. నాయన ఇంకా బోర్లు వేసే బండి మీదనే తిరుగుతాండాడా? ఇంట్లో ఉండే ఒక్క ఫోనూ ఆయన జేబులో పోతే నీతో నేను ఎట్ల మాట్లాడేది? ఉన్నా నీ చెవులకు ఫోన్లో మాట అందదు. అందుకే ఉత్తరం. అయినా ఇది అరిచి చెప్పే మాట కాదు.

నా కుట్ల సంగతి. జాయ్ పుట్టినప్పుడు కోసిన కోత మానింది గానీ మచ్చ ఊరుకోలేదు. బొడ్డు కింద నిలువుగా, వేలంత లావు లేచి, ఎర్రగా తాడు మాదిరి గట్టిగా ఉండాది. చీర కుచ్చిళ్లు దోపుకునే తావే అది. గార్మెంట్స్‌లో మిషన్ ముందర కూర్చుంటే టేబుల్ అంచు సరిగ్గా దానికే తగుల్తాది. చెమట పట్టిందంటే దురద. సూపర్‌వైజర్ ముందర గోక్కోలేను, ఊరకుండలేను.

నా పక్క లైన్లో పనిచేసే చౌడేశ్వరి చెప్తే చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయినా. మచ్చలోకి ముందు సూది వేసి, తర్వాత లేజర్ కొడతారంట. భయపడొద్దు, అది కత్తి కాదు, వెలుగే. నెలకొకసారి, నాలుగైదు సార్లు. "పూర్తిగా పోదు, అణుగుతాది, మెత్తబడతాది, దురద తగ్గుతాది" అనింది. నాకు అంత చాలు.

అయితే ఆయమ్మ ఒకటి అడిగింది. కాన్పు కోత ఇప్పుడు అడ్డంగా వేస్తారు కదా, నీకు నిలువుగా ఎందుకు వేసినారు, లోపల ఏమి చేసినారో చూడాల, ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన కాగితం తీసుకురా అనింది. ఆ ఫైలు నీ దగ్గర పెట్టెలో ఉండాది కదా. పోస్టులో పంపు. మీ అల్లుడు శశి నీకు వందనాలు చెప్పమన్నాడు.

నీ కూతురు,
కృపాకుమారి


నల్లమాడ
24 ఫిబ్రవరి 2024

నా తల్లి కృపకు,

ప్రభువు నిన్నూ అల్లుణ్ణీ చల్లగా కాపాడాలని అడుగుతా రాస్తాండా. పోస్టు ఓబిలేష్ నీ ఉత్తరం స్కూలు కాడికే తెచ్చిచ్చినాడు. పిల్లోళ్లకు గుడ్లు ఒలుస్తా ఉంటి. చేతులు తుడుచుకోని పొయ్యి పక్కనే నిలబడి చదివినా. ఈ సంవత్సరం వంటకు నీళ్లు ట్యాంకరుతోనే తెస్తాండారు. మీ నాయన వాళ్లు కదిరి పక్క ఎనిమిది వందల అడుగులు వేసినారంట. పైకి వచ్చింది తెల్ల దుమ్మేనంట. ఇంటికొస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉంటాయి.

కడుపు మీద ఆ వెలుగులూ సూదులూ వద్దు పాపా. మానిన పుండును కెలక్కూడదు. వెచ్చని ఆముదం పెట్టి వేళ్లతో మెల్లగా రుద్దు. మెత్తని లుంగీ గుడ్డ మడిచి టేబులుకూ నీకూ మధ్యన పెట్టుకో.

కాగితం వెతికినా. కనపడలేదు. పెట్టెకు చెదలు పట్టింది. శానా వస్తువులు పోయినాయి. అది లేకుండా చూడలేని డాక్టరమ్మ దగ్గరికి పోవద్దు. ఊరకనే అదీ ఇదీ అడుగుతారు.

అల్లుణ్ణి టైముకు తినమను.

మీ అమ్మ,
పెద్దక్క


బెంగళూరు
17 మార్చి 2024

అమ్మకు,

జాయ్ బతికుంటే ఎల్లుండి మంగళవారానికి వానికి రెండేండ్లు నిండేవి. ఈడ ఎవరికీ గుర్తు లేదు. నేను సెలవు అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతారు.

కాగితం లేకుండానే మళ్ల పోయినా. డాక్టరమ్మ మంచిదే, అరవలేదు. మచ్చ నొక్కి చూసి, "ఇంకా పిల్లలు కావాలనుకుంటాండావా?" అని అడిగింది. అవునంటి. అయితే ఇప్పుడు లేజర్ వద్దనింది. కడుపు పెరిగితే మచ్చ మళ్ల సాగుతాదంట, రెండో కోత కూడా దాని మీదనే పడతాదంట. చేసిందంతా వృథా అవుతాది, కాన్పు అయినాక రా అనింది.

నిజం చెప్పాలంటే ఆ మాట వినేసరికి నేను దురదే మర్చిపోయినా. నేను ఎవరితోనూ అనలేదు గానీ, రెండేండ్ల నుంచీ ప్రతి నెలా చూసుకుంటానే ఉండా. రెండు రోజులు ఆలస్యమైతే చాలు, మెట్లు కూడా మెల్లగా ఎక్కుతా. ఒక డాక్టరు నోటితోనే "కాన్పు అయినాక" అనే మాట వచ్చింది కదా. శుభం పలికినట్ల అనిపించింది.

మచ్చను ఓర్చుకుంటా. నువ్వు ప్రార్థన చెయ్యి. మన ఫాదర్‌తో కూడా చేయించు. ఫలానా అని పేరు చెప్పొద్దు.

కృప


నల్లమాడ
2 ఏప్రిల్ 2024

నా తల్లి కృపకు,

ఆ మంగళవారం నేను వాని సమాధి దగ్గరికి పోయొచ్చినా. చుట్టూ గడ్డి ఎండిపోయింటే పీకి శుభ్రం చేసినా.

పోయిన ఉత్తరంలో లేజర్ వద్దంటి. అది తెలియక రాసిన మాట. నువ్వు దాన్ని ఇప్పుడే చేయించుకో. ఇంకా ఆలస్యం చేయొద్దు. మన స్కూలు టీచరమ్మను అడిగినా, అది మంచిదే, భయం లేదనింది. బిడ్డ పుట్టినాక చేయించుకుంటానని ఎన్నాళ్లు ఒంటి బాధ మోస్తావు? పిల్లలు దేవుడు ఇస్తే ఇస్తాడు, లేకుంటే లేదు. నువ్వు ఉండావు, నాకు అది చాలు. వేరే డాక్టర్ల దగ్గరికి తిరగొద్దు. నెలనెలా చూసుకోవద్దు. మనసు పాడు చేసుకోవద్దు.

ఎండలు ముదిరినాయి. వంట గదిలో నిలబడలేకుండా ఉండాము. మీ నాయన ధర్మవరం పక్క పోయినాడు.

మీ అమ్మ


బెంగళూరు
28 ఏప్రిల్ 2024

అమ్మా,

ఫిబ్రవరిలో వద్దంటివి. ఏప్రిల్‌లో ఇప్పుడే చేయించుకో అంటాండావు. మధ్యలో ఏమి మారింది? నాకు బిడ్డ కావాలని నేను రాసింది, అంతే.

నాలుగు సార్లు చదివినాక నాకు అర్థమయింది. నేను మళ్ల కనకూడదని నీ మనసులో ఉండాది. ఎందుకో కూడా తెలుసు. ఆ శనివారం పొద్దున నొప్పులు మొదలైతే నేను చెప్పలేదు. అవి ఉత్త నొప్పులనుకోని గుడ్డలు ఉతుకుతా కూర్చుంటి. నువ్వు స్కూలు నుంచి వచ్చేసరికి నిలబడలేకుండా ఉంటి. ముందే చెప్పింటే జాయ్ బతికేవాడు. నువ్వు ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. అనకుండా రెండేండ్లు లోపల పెట్టుకున్నావు. ఇప్పుడు "లేకుంటే లేదు" అని రాసి బయటపెట్టినావు. తిట్టింటే బాగుండేది.

పెద్ద డాక్టర్ దగ్గర ట్యూబుల పరీక్షకు రాయించుకున్నా. మే 20వ తేదీ. కింద నుంచి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారంట. ఎందుకు నిలవడం లేదో తెలుస్తాదంట. శశి కూడా వద్దంటాడు. నువ్వూ వద్దంటావు. నేను పోతా.

కృప


నల్లమాడ
8 మే 2024

కృపా,

ఇది శశి ఇంట్లో లేనప్పుడు చదువు. కూర్చోని చదువు.

ఆ పరీక్షకు పోవద్దు. దాని అవసరం లేదు. నీకు పిల్లల ఆపరేషన్ అయిపోయింది. జాయ్‌ని తీసిన పొద్దే, అదే కోతలో ట్యూబులు కట్టేసినారు. చేయమని సంతకం పెట్టింది నేను.

కదిరిలో మా వల్ల కాదని పెద్దాసుపత్రికి పంపిరి కదా. నిన్ను లోపలికి తీసుకుపోయేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. నీకు అప్పటికే తెలివి లేదు. శశి బెంగళూరు నుంచి బస్సులో వస్తాండాడు, ఫోన్ తగల్లేదు. మీ నాయన రక్తం కోసం పోయినాడు. తలుపు దగ్గర నేనొక్కదాన్నే. కొంచేపటికి ఒక డాక్టరమ్మ బయటికొచ్చె. నాకు వినపడదని తెలిసి, మాట మాట విడదీసి గట్టిగా చెప్పె. "బిడ్డ బతికినాడు. తల్లికి గర్భసంచి చిరిగింది, కుడతాండాము. మళ్ల కడుపొస్తే మళ్ల చిరుగుతాది. ఆ పొద్దు తల్లి దక్కదు. ట్యూబులు కట్టేయాల. ఇప్పుడే చెప్పు."

అల్లుడు వచ్చేదాంకా ఆగమని అడిగితి. కడుపు తెరిచిపెట్టి ఎంతసేపు ఆగేదమ్మా అనె. అప్పుడే లోపల జాయ్ ఏడ్చె. నా చెవులకే అందిందంటే ఎంత గట్టిగా ఏడ్చింటాడో చూడు. బిడ్డ ఉండాడు. బిడ్డకు తల్లి ఉంటే చాలు, ఇంకేమీ అడగను అనుకుంటి. కాగితం మీద నా పేరు పెద్దక్క అని రాసి, పక్కన తల్లి అని రాసినా.

మూడో పొద్దు వాడు పోయినాడు.

నువ్వు ఐదో పొద్దు కండ్లు తెరిచి మొదట వాణ్ణే అడిగితివి. ఆ ఒక్క మాట చెప్పేసరికే గోడ పక్కకు తిరిగిపోతివి. రెండో మాట యాడ చెప్పేది? ఇంటికి పోయినాక చెప్దామనుకుంటి. కుట్లు ఆరినాక చెప్దామనుకుంటి. ఒక పొద్దు నువ్వే నా చేయి పట్టుకోని, "మళ్ల పుడతాడులే అమ్మా" అని నాకు ధైర్యం చెప్తివి. దాంతో నా నోరు మూతబడింది.

పెట్టెకు చెదలు పట్టలేదు. అబద్ధం రాసినా. కాగితం దీంతోనే పంపుతాండా.

శశికి తెలీదు. మీ నాయనకూ తెలీదు. నువ్వు చెప్పమంటే వచ్చి అల్లుని ముందర నిలబడి నేనే చెప్తా.

ఇంకొకటి. నువ్వు నొప్పులు దాచుకున్నావని నువ్వు రాసేదాంకా నాకు తెలీదు. తెలిసినా నిన్ను ఏమీ అనుకోను. ఆ బరువు నీది కాదు, దించు.

అమ్మ


నల్లమాడ
16 జూన్ 2024

కృపా,

రిజిస్టరు పోస్టులో పంపినా కాబట్టి నీ చేతికి అందిందని తెలుసు. జవాబు రాలేదు. మీ నాయన ఫోన్ చేస్తే బాగుండా అని పెట్టేసినావంట. నీకు ఒంట్లో బాగలేదేమోనని ఆయన అడుగుతాండాడు. ఆయనకు చెప్పేసినా.  మరుసటి పొద్దు ఏమీ తినకుండా బండెక్కినాడు.

స్కూళ్లు తెరిచినారు. విత్తేంత పదునుగా రెండు వానలు పడినాయి, చెనిక్కాయ విత్తనం వేసేవాళ్లు వేస్తాండారు.

తిట్టాలనుంటే తిట్టు. రాయి మాత్రం రాయి.

అమ్మ


నల్లమాడ
21 జులై 2024

కృపా,

అల్లుణ్ణి అడిగి రాద్దామంటే ఆయనకు నువ్వు చెప్పినావో లేదో తెలీదు. ఏ ముక్క రాస్తే ఏమవుతాదో అని భయం. నీ పేరు మాత్రం రాసి ఈ కార్డు వేస్తాండా.

అమ్మ


బెంగళూరు
18 ఆగస్టు 2024

అమ్మా,

నీ మూడు ఉత్తరాలూ అందినాయి. కోపంతోనే రాయలేదు.

శశి లేనప్పుడు చదవమంటివి. ఆయన ఉన్నప్పుడే విప్పినా. చదివి ఆయన చేతికిచ్చినా. ఆయన చదవలేదు. కాగితం మీద ఆసుపత్రి ముద్ర చూసి తల దించుకున్నాడు. "నాకు తెలుసు" అన్నాడు. ఇంటికి పంపిన పొద్దు ఫైలు ఆయన చేతికే ఇచ్చినారంట. ఐ.టి.ఐ. చదివినోడు కదా, ఇంగ్లీషు కూడబలుక్కోని చదివినాడు. నువ్వు నాకు చెప్పింటావని మొదట అనుకున్నాడంట. నేను మళ్ల బిడ్డ మాట ఎత్తినప్పుడు, నాకు తెలీదని తెలిసిందంట. అప్పటి నుంచి ఈ నెల చెప్దాం, వచ్చే నెల చెప్దామని జరుపుకుంటా వచ్చినాడు. రెండేండ్లు నేను క్యాలెండర్ ముందర నిలబడితే వెనక కూర్చోని చూసినాడు.

నువ్వు ఆయనకు తెలీదనుకున్నావు. ఆయన మొదట నాకు తెలుసనుకున్నాడు. మీరిద్దరూ నన్ను కాపాడుతాండామనుకున్నారు. నా కడుపు సంగతి డాక్టర్లకు తెలుసు, నీకు తెలుసు, ఆయనకు తెలుసు. తెలియంది నాకొక్కదానికే.

సంతకం పెట్టినందుకు నేను ఏమీ అనను. ఆ తలుపు దగ్గర నేను నిలబడి, లోపల నువ్వు ఉండింటే నేనూ పెట్టింటా. కండ్లు తెరిచినాక చెప్పాల్సింది అమ్మా. ఏడ్చేదాన్ని. ఒక్కసారి ఏడ్చేదాన్ని. ఇప్పుడు రెండేండ్లు, నెలకొకసారి ఏడ్చినా. క్షమించినానని రాయలేను. రాస్తే అబద్ధమవుతాది, మనింట్లో అబద్ధాలు చాలు. క్రిస్మస్‌కు వస్తానో రానో కూడా తెలీదు.

జులైలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయి, నాకు ఇంక కాన్పులు లేవు, మొదలుపెట్టండి అని చెప్పినా. ఆయమ్మ కాగితం చదివింది. నా భుజం మీద చేయి పెట్టి, పడుకోమనింది. రెండు సార్లు అయింది. తిమ్మిరి మందు పూసి ఒక గంట కూర్చోబెడతారు. కండ్లకు నల్లద్దాలు కడతారు. వెలుగు కొట్టినప్పుడల్లా రబ్బరు బ్యాండు లాగి వదిలినట్ల చురుక్కుమంటాది, వెంట్రుక కాలిన వాసన వస్తాది. తర్వాత రెండు మూడు రోజులు ఎర్రగా మంట. దురద అప్పుడే సగం తగ్గింది. మచ్చ యాడికీ పోలేదు, కొంచెం కిందికి దిగింది.

అసలు ఈ ఉత్తరం రాసేది దీని కోసమే. రెండోసారి పోయినప్పుడు మందు పూసే నర్సు భారతి నాతో మాటలు పెట్టుకునింది. హిందూపురం పక్క అమ్మాయి, మన మాటే. నా కోత చూసి, "బాబా, పాపా?" అనింది. బాబు అంటి. చేయి ఆపకుండానే, "ఎవరి పోలిక?" అనింది.

 నాకు తెలీదమ్మా. వాణ్ణి నేను చూడలేదు. నేను తెలివిలోకి వచ్చేసరికి పూడ్చిపెట్టేసినారు. శశి ఫోన్లో ఉన్న ఒక్క ఫోటోలో గుడ్డా పైపులే కనపడతాయి. శశిని అడిగితే, ఆ మూడు రోజులూ రక్తం కోసం, మందుల కోసం తిరిగినా, నువ్వు బతుకుతావో లేదో అని నీ మొహమే చూసినా, వాని మొహం నాకు గుర్తు లేదన్నాడు. చెప్పి ఏడ్చినాడు. ఫైలు సంగతి తెలిసినాక ఆయనతో మాటలు మానేసి ఉంటి, ఆ పొద్దు నుంచి మళ్ల రెండు మాటలు మాట్లాడుతాండా.

ఆ మూడు రోజులూ వాణ్ణి ఎత్తుకున్నది నువ్వు. వాని మాట ఎత్తితే నేను తట్టుకోలేనని ఈ రెండేండ్లూ ఎవరూ ఎత్తలేదు. నేను తట్టుకుంటా. వాడు ఎట్ల ఉండె? నీకు గుర్తున్నది మొత్తం రాయి. ఏదీ దాచుకోవద్దు.

కృప


నల్లమాడ
27 ఆగస్టు 2024

నా తల్లి కృపకు,

కోపం అట్లనే పెట్టుకో. అది నీ న్యాయం. అడిగింది రాస్తాండా.

పుట్టినప్పుడు వాడు రెండు కేజీల తొమ్మిది వందలు. గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది కదిరమ్మ అనే ఆయా. నోరు నీది. ఏడ్చే ముందర కింది పెదవి ముందుకు పెట్టి, ఒక గడియ ఆలోచించి, అప్పుడు మొదలుపెట్టె. నువ్వూ పసిబిడ్డప్పుడు అట్లనే. నోటి కింద గదమ కూడా నీదే. చెవులు శశివి, పెద్దవి, అంచులు మడతపడి ఉండె. పాదాలు మీ నాయనవి, పొడుగు, వేళ్లు ఎడమెడంగా. రంగు ఎవరిదో తేల్లేదు. మొదటి పొద్దు ఎర్రగా ఉండె, రెండో పొద్దుకు చామనఛాయకు తిరిగె. వెంట్రుకలు శానా. టోపీ పెడితే ఓర్చుకోడు, తల అటూ ఇటూ తిప్పి తోసేసె. కదిరమ్మ మూడు సార్లు పెట్టె, మూడు సార్లూ తోసె. ఆ మొండితనం నాదనుకుంటా.

డబ్బా పాలు చెంచాతో పోస్తి. సగం మెడ మీదికే కారె. తాగినాక ఎక్కిళ్లు. ఎక్కిలి వచ్చినప్పుడల్లా ఎవరో పిలిచినట్ల కండ్లు పెద్దవి చేసి చూసె. నిద్రలో ఎడమ కన్ను పూర్తిగా మూయడు. నువ్వు ముందే అనుకున్న పేరు వాని చెవిలో చెప్తి. నా చెవుల అలవాటు కొద్దీ గట్టిగా చెప్పేస్తినేమో, వార్డంతా నవ్విరి. వాడు ఆవలించె.

రెండో పొద్దు వాణ్ణి నీ దగ్గరికి తెస్తానని బతిమాలితి. ఐసీయూలోకి రానియ్యలేదు. గాజు తలుపు దగ్గర నిలబడి, వాని మొహం నీ మంచం పక్కకు తిప్పి పట్టుకుంటి. అది మీ అమ్మరా అని చెప్తి. కండ్లు తెరుచుకోనే ఉండె. అంత పసిబిడ్డకు అంత దూరం కనపడదని టీచరమ్మ అంటాది. నేను నమ్మను.

మూడో పొద్దు తెల్లవారి పాలు తాగలేదు. ఎగశ్వాస పట్టె. గాజు పెట్టెలో పెట్టి పైపులు వేసిరి. సాయంత్రం నాలుగింటికి పెద్ద డాక్టరు వచ్చి చూసి, ఇంక లాభం లేదనె. పైపులు తీసి నా ఒళ్లో పెట్టిరి. ఐదు కాకముందే పోయినాడు. ఏడవలేదు. ఒక్కడే పోలేదు, ఒళ్లో పోయినాడు. మీ నాయన తన పైపంచె తీసి చుట్టినాడు. టోపీ పెట్టబోతే నేను వద్దంటి.

ఇవన్నీ నేను ఎవరితోనూ చెప్పలేదు. అడిగినవాళ్లు లేరు. నువ్వు అడిగితివి.

జాయ్‌కి అవ్వ,
పెద్దక్క